నొప్పి లేదని నడవనివ్వకండి: షుగర్ ఉన్నవారి పాదాల వాపు గురించి

ధర్మవరం నుంచి అడిగిన అమ్మాయికి,

మీ నాన్నగారికి 61 ఏళ్లు, 14 ఏళ్లుగా షుగర్ ఉంది, బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నారు, గుంత మగ్గం మీద రోజంతా కూర్చుని పట్టుచీరలు నేస్తారు అని రాశారు. చాలాకాలంగా సాయంత్రానికి రెండు చీలమండల దగ్గరా కొద్దిగా నీరు పట్టేదని, తెల్లవారేసరికి తగ్గేదని, ఈ పది రోజులుగా మాత్రం కుడిపాదం బాగా వాచి, ఎర్రబడి, వెచ్చగా ఉంటున్నదని, అయినా నొప్పి లేదంటూ ఆయన పని మానడం లేదని చెప్పారు. పక్కింటివారు వేడి ఉప్పునీళ్లలో కాళ్లు పెట్టమన్నారు, మందుల షాపులో నీరు తీసే మాత్ర ఇచ్చారు, వచ్చే వారం చెప్పులు లేకుండా కదిరి నరసింహస్వామి దర్శనానికి నడిచి వెళ్లే మొక్కు ఉంది. ఈ మూడింటిలో ఏవి చేయవచ్చని మీ ప్రశ్న. అనంతపురంలో చాలా ఏళ్లుగా షుగర్ రోగులను, వారి పాదాల పుండ్లను చూస్తున్న వైద్యుడిగా నా జవాబు ఇది: ప్రస్తుతానికి మూడూ వద్దు. ఈ రోజు నుంచే ఆయన ఆ కాలి మీద బరువు మోపకూడదు, రేపటికల్లా డాక్టరు ఆ పాదాన్ని చూడాలి.

జ్వరం, చలి, పాదం మీద నలుపు లేదా చీము, దుర్వాసన, పాదం నుంచి పైకి పాకే ఎర్రటి చార, పిక్కలో బిగువు, ఆయాసం, ఛాతీలో నొప్పి, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటి దాకా కూడా ఆగకుండా రాత్రికి రాత్రే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. జ్వరం లేదు కాబట్టి ఇన్ఫెక్షన్ లేదని అనుకోవద్దు. షుగర్ ఎక్కువకాలంగా ఉన్నవారిలో పాదం లోపల చీము నిండి ఉన్నా ఒళ్లు వెచ్చబడకపోవడం మేము తరచూ చూసే విషయమే. కారణం తెలియకుండా రక్తంలో షుగర్ ఒక్కసారిగా పెరిగిపోవడమే ఒక్కోసారి లోపలి ఇన్ఫెక్షన్‌కు తొలి గుర్తు అవుతుంది.

ఇంత తొందర ఎందుకో చెబుతాను. చాలా ఏళ్లుగా షుగర్ ఉండి, స్పర్శ తగ్గిన మనిషికి ఒకే పాదం వాచి, ఎర్రగా వెచ్చగా ఉండి, నొప్పి అంతగా లేదంటే, కాదని తేలేవరకు మేము దాన్ని షార్కో పాదంగానే అనుమానిస్తాము. నరాలు దెబ్బతిన్నప్పుడు కీళ్లు, ఎముకలు ఇలా కుంగిపోతాయని ఫ్రెంచి వైద్యుడు షార్కో 1868లో మరో జబ్బు ఉన్న రోగులలో గమనించి వివరించాడు. షుగర్ వల్ల కూడా ఇదే జరుగుతుందని 1936లో నమోదైంది. పాదంలోని చిన్న ఎముకలు లోలోపల మెత్తబడి, చిట్లి, పక్కకు జరుగుతూ ఉంటాయి, కానీ ఆ కబురు మోయవలసిన నరాలు పనిచేయవు కాబట్టి మనిషి మామూలుగా నడుస్తూనే ఉంటాడు. దూలాలు పుచ్చిన మట్టిమిద్దె మీద జనం తిరిగితే ఏమవుతుందో, ఆ పాదంతో వేసే ప్రతి అడుగుకూ అదే అవుతుంది. కొన్ని వారాలలో పాదం వంపు కూలిపోయి అరికాలు నడుమ ఉబ్బెత్తుగా దిగుతుంది, ఆ ఉబ్బెత్తు మీద పుండు పడుతుంది, ఆ పుండు మానడం చాలా కష్టం. తొలి రోజుల్లోనే పట్టుకుని, పాదం నుంచి మోకాలి కింది వరకు కట్టు వేసి బరువు పడకుండా ఆపితే ఆకారం చెడకుండా పాదాన్ని కాపాడవచ్చు. ఆ కట్టు కొన్ని నెలలు ఉంచవలసి రావచ్చని ముందే మనసును సిద్ధం చేసుకోండి. వాపు తగ్గగానే కట్టు విప్పేయమని ఇంట్లో అందరూ ఒత్తిడి చేస్తారు, కానీ రెండు పాదాల వేడి సమానమయ్యేవరకు, ఎక్స్‌రేలో ఎముకలు కుదురుకున్నట్లు కనిపించేవరకు డాక్టరు విప్పరు, మీరూ విప్పించవద్దు.

వేడిని ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఆయనను పడుకోబెట్టి, రెండు కాళ్ల మీదా దుప్పటి లేకుండా పది నిమిషాలు ఉంచి, తర్వాత మీ అమ్మగారిని చేతి వెనకవైపుతో కుడిపాదం పైభాగాన్ని, ఎడమపాదంలో అదే చోటును మార్చి మార్చి తాకి చూడమనండి. తేడా స్పష్టంగా తెలుస్తుంటే ఆ మాటను డాక్టరుకు చెప్పాలి. పరికరంతో కొలిచినప్పుడు రెండు డిగ్రీల సెల్సియస్ తేడాను మేము గట్టి హెచ్చరికగా తీసుకుంటాము. ఇంకొక మాట కూడా చెప్పాలి. తొలి దశలో ఎక్స్‌రే మామూలుగా ఉండవచ్చు. “ఎక్స్‌రే బాగుంది, ఏం లేదు” అని ఎవరైనా పంపించేస్తే, “షార్కో కాదని చెప్పవచ్చా, ఎంఆర్ఐ అవసరమా” అని మీరు మర్యాదగానే, కానీ సూటిగా అడగండి. ఇలాంటి పాదాలను యూరిక్ యాసిడ్ అనుకుని, బెణుకు అనుకుని, మామూలు చర్మపు ఇన్ఫెక్షన్ అనుకుని వారాల తరబడి మాత్రలు మింగించిన తర్వాత నా దగ్గరికి తెచ్చినవారు ఎందరో ఉన్నారు. మరోవైపు అది నిజంగానే చర్మం కింది ఇన్ఫెక్షన్ కావచ్చు, పిక్క సిరలో రక్తం గడ్డకట్టడం కూడా కావచ్చు. రెండోదానికి రక్తనాళాల్లో రక్తం పారే తీరును చూపే డాప్లర్ స్కాన్ చేస్తారు, దాన్ని వదిలేస్తే గడ్డ ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి వస్తుంది. ఒక కాలి వాపును ఇంటి వైద్యానికి వదలకూడదని నేను ఇంత పట్టుబట్టేది అందుకే.

రెండు కాళ్లలోనూ సాయంత్రానికి పట్టే నీరు వేరే సంగతి, దానికి కారణాలు కూడా వేరు. గుంత మగ్గంలో నేతగాడి కాళ్లు గంటల తరబడి గుంతలోకి వేలాడుతూ ఉంటాయి, పిక్క కండరాలు పూర్తిగా ముడుచుకుని విప్పుకునే పని తక్కువ, రక్తాన్ని పైకి నెట్టేది ఆ కండరాలే కనుక నీరు చీలమండల దగ్గర దిగుతుంది. ఆమ్లోడిపిన్ వల్ల కూడా కొందరిలో చీలమండలు వాస్తాయి. ఆ వాపు నీరు తీసే మాత్రతో పెద్దగా తగ్గదు, డాక్టరు మోతాదు తగ్గించడమో మందు మార్చడమో చేయాలి, అంతేగాని బీపీ మాత్రను మీరే ఆపేయకూడదు. షుగర్‌కు వాడే పయోగ్లిటజోన్, అరికాళ్ల మంటలకు డాక్టర్లు ఇచ్చే ప్రీగాబాలిన్ మాత్ర, మోకాళ్ల నొప్పులకు జనం చేతికందినట్లు మింగే డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు, ఇవన్నీ ఒంట్లో నీరు నిలిపేవే. అందుకే ఆయన వాడే ప్రతి మాత్ర అట్టనూ, షాపులో ఇచ్చినవాటితో సహా, డాక్టరు ముందు పెట్టాలి.

మందులు కారణం కాకపోతే, మూత్రపిండాలు, గుండె, కాలేయం, థైరాయిడ్ వైపు చూడాలి. పొద్దున్నే కళ్ల కింద ఉబ్బుగా ఉంటుందా, మూత్రంలో నురగ ఎక్కువగా వస్తుందా, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చి లేచి కూర్చుంటున్నారా, ఈ మధ్య బరువు త్వరగా పెరిగిందా అని ఆయనను అడిగి రాసి పెట్టుకోండి. మోకాలికీ చీలమండకూ మధ్య ముందరి ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి వదిలితే గుంట మిగులుతుందా, ఎంత పైదాకా మిగులుతుంది అన్నది కూడా డాక్టరుకు పనికొచ్చే సమాచారమే. మూత్రపిండాల పనితీరు తెలిపే మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు షుగర్ ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికి ఒకసారైనా జరగాలి, 14 ఏళ్ల షుగర్‌లో వాపు కూడా ఉన్నప్పుడు వాటిని వాయిదా వేయడానికి వీల్లేదు. షాపులో ఇచ్చిన నీటి మాత్రను నేను వద్దన్నది ఈ కారణంతోనే. మూత్రపిండాలు ఇప్పటికే అలసి ఉంటే, మన అనంతపురం ఎండల్లో చెమట పోయి ఒంట్లో నీరు తగ్గి ఉంటే, ఆ మాత్ర బీపీని ఒక్కసారిగా దించి, పొటాషియంను తారుమారు చేసి మనిషిని పడేస్తుంది. అదే మాత్ర గుండె జబ్బులో ప్రాణం నిలబెడుతుంది. ఎవరికి, ఎంత అన్నది పరీక్షలు చూసి నిర్ణయించవలసిన విషయం.

కుడిపాదం సంగతి తేలి, డాక్టరు మళ్లీ మగ్గం ఎక్కవచ్చన్న తర్వాత, రెండు కాళ్ల వాపుకు ఇంట్లో చేయదగినవి కొన్ని ఉన్నాయి. అరగంటకు ఒకసారి పని ఆపి చీలమండలను పైకీ కిందికీ ఇరవై సార్లు ఆడించడం, గంటకు ఒకసారి గుంతలోంచి లేచి నాలుగు అడుగులు వేయడం, మధ్యాహ్నం, రాత్రి పడుకున్నప్పుడు పిక్కల కింద దిండ్లు పెట్టి పాదాలను గుండె కంటే కొంచెం ఎత్తులో ఉంచడం చేయాలి. మడమ మాత్రం దిండుకు ఒరుసుకోకుండా గాలిలో ఉండేలా చూసుకోవాలి, ఎందుకంటే స్పర్శ లేని మడమ మీద ఒత్తిడి పుండు రాత్రికి రాత్రే మొదలవుతుంది. కాలు ఎత్తి పెడితే నొప్పి వస్తుందంటే, కిందికి వేలాడేస్తే హాయిగా ఉందంటే, రక్తం అందడం లేదని అర్థం, అప్పుడు ఎత్తి పెట్టడం మానేసి డాక్టరుకు చెప్పాలి. బిగుతు మేజోళ్లు, క్రేప్ బ్యాండేజీ కూడా ధమనుల్లో రక్తప్రసరణ సరిగా ఉందని పరీక్షించాకే వాడాలి. రక్తం సరిగా అందని కాలికి బిగుతు కట్టు వేస్తే చర్మం నల్లబడి చచ్చిపోతుంది. ఉప్పు మనిషికి రోజుకు ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ఇళ్లలో ఊరగాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, సంగటిలోకి ఊరుబిండి కలిసి ఆ చెంచాను మధ్యాహ్నానికే దాటించేస్తాయి, ముందు వాటిని తగ్గించండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. “నొప్పి లేదు” అని మీ నాన్నగారు ధైర్యంగా చెబుతున్న మాటే నన్ను భయపెడుతోంది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో 1946 నుంచి పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల వేళ్లు వాటంతట అవి ఊడిపోవని, స్పర్శ లేక కాలిన చోట, కోసుకున్న చోట, ఒరుసుకున్న చోట మళ్లీ మళ్లీ దెబ్బ తగలడం వల్లే పోతాయని గట్టిగా చూపించాడు. షుగర్ పాదానికి కూడా అదే సూత్రం. నొప్పి చేసే కాపలా పని ఆగిపోయింది కనుక, ఆ పనిని ఇక మీదట కళ్లు, చేతులు చేయాలి.

కొంతకాలం కిందట వేరుశనగ పండించే ఒక రైతు కుడి అరికాలులో ఆనెకాయ ఉందని, దాన్ని కోసేయమని వచ్చారు. బొటనవేలి మొదట్లో పసుపు రంగులో గట్టిపడిన చర్మం, దాని నడుమ శనగగింజంత నల్లటి మచ్చ ఉంది. ఆ గట్టి చర్మాన్ని పొరలు పొరలుగా చెక్కుతుంటే కింద నుంచి పలుచని చీము ఊరింది, ఇంకొంచెం లోపల తుమ్మముల్లు కొన నిలువుగా దిగి కనిపించింది. ఆయన తొడుక్కొచ్చిన రబ్బరు చెప్పును తిప్పి చూస్తే సరిగ్గా అదే చోట రంధ్రం ఉంది, విరిగిన ముల్లు మిగతా భాగం రబ్బరులోనే ఉంది. ఎన్నాళ్లుగా అలా నడుస్తున్నారో ఆయనకే తెలియదు. “నొప్పే లేదు సార్” అన్నారు. ముల్లు ఎముక దాకా పోలేదు కాబట్టి ఆ పాదం దక్కింది.

మీ నాన్నగారికి స్పర్శ ఎంత మిగిలి ఉందో ఇంట్లోనే ఒక అంచనాకు రావచ్చు. కళ్లు మూసుకోమని చెప్పి, మీ చూపుడువేలి కొనతో ఆయన బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొనలను ఒక్కొక్కటిగా, ఈకలా తేలికగా, ఒకటి రెండు సెకన్లు మాత్రమే తాకండి. నొక్కవద్దు, తట్టవద్దు, రుద్దవద్దు. రెండు పాదాలకూ కలిపి ఆరు వేళ్లు అవుతాయి. తాకినప్పుడు “ఆ” అనమనండి. ఆరింటిలో రెండు లేదా అంతకంటే ఎక్కువ వేళ్ల మీద తెలియకపోతే పాదానికి రక్షణ ఇచ్చే స్పర్శ తగ్గినట్లే. ఆసుపత్రిలో పది గ్రాముల నైలాన్ తీగతో, కంపించే ట్యూనింగ్ ఫోర్క్‌తో ఇదే సంగతిని ఇంకా కచ్చితంగా చూస్తారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడినవారిలో బీ12 విటమిన్ తగ్గి నరాలు మరింత దెబ్బతినవచ్చు కాబట్టి ఆ రక్తపరీక్షను కూడా అడగండి. స్పర్శ, రక్తప్రసరణ రెండూ బాగున్నవారు ఏడాదికి ఒకసారి పాదాల పరీక్ష చేయించుకుంటే సరిపోతుంది. స్పర్శ తగ్గినవారు ఆరు నెలల నుంచి ఏడాది లోపు, దానితో పాటు రక్తప్రసరణ లోపం గానీ వేళ్ల వంకర గానీ ఉన్నవారు మూడు నుంచి ఆరు నెలలకు, ఒకసారి పుండు పడి మానినవారు ఒకటి నుంచి మూడు నెలలకు ఒకసారి చూపించుకోవాలి. పుండు మానిందంటే జబ్బు పోయిందని అనుకుంటారు గానీ, మళ్లీ పుండు పడే ప్రమాదం అందరికంటే వారికే ఎక్కువ.

రోజూ రాత్రి పడుకునే ముందు మంచి వెలుతురులో రెండు పాదాలనూ పైన, కింద, మడమ చుట్టూ, వేళ్ల సందుల్లోకి చూడాలి. ఆ వయసులో వంగి అరికాలు చూసుకోవడం కష్టం, షుగర్ కళ్లను కూడా పట్టి ఉంటే చూసినా కనిపించదు, కాబట్టి ఆ పని మీ అమ్మగారు చేయడం మంచిది. మీరు దూరంగా ఉంటే వారానికి ఒకసారి అరికాళ్ల ఫొటో ఒకే వెలుతురులో తీసి పంపమనండి, పాత ఫొటో పక్కన పెట్టి చూస్తే కొత్త ఎరుపు, కొత్త గట్టిదనం మీకు వెంటనే తెలుస్తాయి. నేతపనిలో కాలితో తొక్కే చెక్కల అంచు పాదం ముందుభాగంలో ఒకే చోట గుచ్చుతూ ఉంటుంది, ఆ చోట చర్మం మెరుస్తూ గట్టిపడుతోందా అని ప్రత్యేకంగా చూడాలి. మళ్లీ పనికి వెళ్లాక ఆ చెక్కలకు మెత్తటి రబ్బరు చుట్టించి, పాదానికి మెత్తటి అట్ట ఉన్న చెప్పు తొడుక్కునే తొక్కేలా ఏర్పాటు చేయండి. మొదట్లో లయ కుదరడం లేదని విసుక్కుంటారు, నాలుగైదు చీరలు నేసేసరికి అలవాటవుతుంది.

కడగడానికి గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బు చాలు. వేడి చూడవలసింది ఇంట్లో స్పర్శ బాగున్నవారి మోచేయి, ఆయన పాదం ఎప్పుడూ కాదు. ఉప్పునీళ్లలో, అందులోనూ వేడి నీళ్లలో నానబెట్టడం వల్ల వాపు తగ్గదు, పైగా చర్మం ఎండి పగుళ్లు పెరుగుతాయి, చర్మం కాలిపోయి బొబ్బలు లేచినా ఆయనకు తెలియదు. నరాలు దెబ్బతిన్న పాదానికి చెమట పట్టడం కూడా తగ్గుతుంది, మడమలు అంతగా పగలడానికి అదే కారణం. తడి తుడిచిన వెంటనే మడమలకు, అరికాళ్లకు వ్యాజెలిన్ గానీ కొబ్బరినూనె గానీ యూరియా ఉన్న క్రీము గానీ రాయండి, వేళ్ల సందుల్లో మాత్రం రాయవద్దు. అక్కడ పొడి గుడ్డతో తడి మొత్తం అద్ది తీయాలి. వేళ్ల సందుల్లో చర్మం తెల్లబడి పాచిపోయినట్లు ఉంటే అది ఫంగస్, దానికి ఫంగస్‌ను తగ్గించే మందు క్రీము వాడితే తగ్గిపోతుంది. వదిలేస్తే ఆ చిన్న చీలిక గుండానే పిక్క మొత్తం ఎర్రబడే ఇన్ఫెక్షన్ లోపలికి పోతుంది. కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద వరి మడుల్లో నిలబడేవారిలో ఇది ఎక్కువగా చూస్తాము.

గోళ్లు అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి, మూలలు లోతుగా తీయకూడదు. ఆనెకాయలను బ్లేడుతో కోయించుకోవద్దు, షాపుల్లో అమ్మే ఆనెకాయ ప్లాస్టర్లలో చర్మాన్ని తినేసే ఆమ్లం ఉంటుంది, అవీ వద్దు.

ఇంట్లో కూడా చెప్పులు తొడుక్కోవాలి. దీనికి మన పెద్దవాళ్లు ఒప్పుకోరని నాకు తెలుసు. ఇంటి లోపలికి వేరే జత పెట్టండి, అప్పుడు అభ్యంతరం తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద, వాకిట్లో పరిచిన కడప బండలు మధ్యాహ్నానికి ఎంత కాలిపోతాయో మనందరికీ తెలుసు, స్పర్శ ఉన్నవాళ్లం ఒక్క అడుగులో వెనక్కి గెంతుతాము. ఆయన మాత్రం వడియాలు తీసుకురావడానికి నింపాదిగా నడిచి వెళ్లి వస్తారు, అరికాలి నిండా బొబ్బలు సాయంత్రానికి కనిపిస్తాయి. చెప్పులకు వెనక పట్టీ ఉండాలి, పట్టీలను వదులు, బిగువు చేసుకునే వీలుండాలి, కింది అట్ట ముల్లు దిగనంత గట్టిగా, పై అట్ట మెత్తగా ఉండాలి. ఎంసీఆర్ (మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు అని అడిగితే ఇస్తారు. వేళ్ల మధ్య పట్టీ ఉన్న హవాయి చెప్పులు స్పర్శ లేనివారికి పనికిరావు, అవి జారిపోయినా తెలియదు, వేళ్ల సందును కోసేస్తాయి. పాదం కొంచెం వాచి ఉండే సాయంత్రం పూట కొనండి. తొడుక్కునే ముందు ప్రతిసారీ లోపల చేయి పెట్టి తడిమి చూడటం అలవాటు చేయండి, పల్లేరుకాయ, చింతగింజ, మేకు కొన వంటివి అక్కడే దొరుకుతాయి. ఇంట్లో ఎలుకల బెడద ఉంటే రాత్రిళ్లు కాళ్లు బాగా కప్పుకుని, దోమతెర కట్టుకుని మంచం మీద పడుకోవాలి. నిద్రలో ఎలుక వేలు కొరికినా తెలియని రోగులను నేను చూశాను.

గాయం కనిపిస్తే శుభ్రమైన పారే నీళ్లతో, సబ్బుతో కడిగి, పొడి గాజుగుడ్డ కప్పి, మరుసటి రోజులోపు చూపించాలి. పసుపు, సున్నం, ముక్కుపొడి, కాఫీపొడి, స్పిరిట్, ఆకుపసర్లు ఏవీ పెట్టవద్దు, అవి గాయాన్ని కాల్చడమే కాక లోతు ఎంతో మాకు కనిపించకుండా చేస్తాయి. అరికాలి పుండుకు ఎంత ఖరీదైన మందు రాసినా దాని మీద నడుస్తున్నంతకాలం మానదు. అందుకే బరువు తప్పించే కట్టు లేదా బూటు అన్నిటికంటే ముఖ్యమైన మందు. పుండు వారం పది రోజుల్లో చిన్నదవకపోతే రక్తం అందుతుందో లేదో చూడాలి. పాదం పైన, లోపలి చీలమండ వెనక నాడి దొరుకుతుందా అని డాక్టరు వేళ్లతో చూస్తారు. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగించినప్పుడు 0.9 కంటే తక్కువ వస్తే ధమనుల్లో అడ్డు ఉందని అనుమానించాలి, షుగర్ రోగుల్లో ధమనులు గట్టిపడి ఆ లెక్క తప్పుగా ఎక్కువ చూపవచ్చు కాబట్టి అవసరమైతే డాప్లర్ స్కాన్ కూడా చేస్తారు. అడ్డు ఉన్నచోట దారి తెరిపిస్తే మానే పుండుకు, ఆ పరీక్ష జరగక వేలు తీసేసిన సందర్భాలు ఉన్నాయి. వేలు గానీ కాలు గానీ తీయాలని ఎవరైనా చెబితే, ప్రాణాపాయం ముంచుకొచ్చిన పరిస్థితి కాకపోతే, రక్తనాళాల వైద్యుడికి ఒకసారి చూపించమని అడిగే హక్కు మీకుంది. మీ నాన్నగారు బీడీ తాగుతారని మీరు రాయలేదు, తాగుతుంటే అది మానడం ఈ విషయంలో షుగర్ అదుపుతో సమానమైన పని.

మొక్కు సంగతి. పాదం అనుమానం తీరేవరకు కదిరికి నడక వద్దు, చెప్పులతో అయినా వద్దు. దేవుడికి ఇచ్చిన మాట తప్పుతున్నామని ఆయన బాధపడతారు, ఆ బాధను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. మాల వేసుకుని చెప్పులు విడిచినవారు, గూగూడు పీర్ల పండుగలో అగ్నిగుండం తొక్కినవారు కాలిన పాదాలతో వచ్చినప్పుడు వారి భక్తిని నేను ఎప్పుడూ ప్రశ్నించలేదు. మొక్కు తీర్చుకునే తీరును మాత్రం మార్చుకోమని అడిగాను, చాలామంది ఒప్పుకున్నారు. డాక్టరు నడవవచ్చన్న తర్వాత బస్సులో వెళ్లి, బండలు వేడెక్కకముందే తెల్లవారుజామున, మందపాటి నూలు మేజోళ్లతో దర్శనం చేసుకోవచ్చు, మేజోళ్ల సంగతి గుడివారిని ముందే అడిగి పెట్టుకోండి. ఇంటికి రాగానే అరికాళ్లు చూడాలి. ఈ మాట మీరు చెబితే వినకపోవచ్చు, ఇంటి పురోహితుడి చేతనో ఆయన గౌరవించే పెద్దమనిషి చేతనో చెప్పించండి.

రేపు ఆసుపత్రికి ఆటో ఇంటి ముందు నుంచే మాట్లాడండి, బస్టాండు దాకా నడిపించవద్దు. ఆసుపత్రి లోపల చక్రాల కుర్చీ అడగండి. అన్ని మాత్రల అట్టలు, పాత రిపోర్టులు, గత మూడు నెలల షుగర్ లెక్కలు, వాపు ఏ రోజు మొదలైందో రాసిన చీటీ, ఆయన రోజూ తొడిగే చెప్పులు ఒక సంచిలో పెట్టుకుని వెళ్లండి. రెండు పాదాలకూ నిలబెట్టి తీసిన ఎక్స్‌రే కావాలా, డాప్లర్ కావాలా, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూశారా అని అడగండి. డాక్టరు మేజోళ్లు విప్పించకుండా, రెండు పాదాలనూ పక్కపక్కన పెట్టి చూడకుండా చీటీ రాస్తుంటే, ఒకసారి తాకి చూడమని మీరే కోరండి. రిపోర్టులు వచ్చాక క్రియాటినిన్ ఎంత ఉందో, కుడిపాదం ఎక్స్‌రేలో ఏమి రాశారో ఇక్కడ రాస్తే, ఆమ్లోడిపిన్ గురించి, కట్టు ఎన్నాళ్లన్నదాని గురించి మీ డాక్టరును ఇంకేమి అడగాలో చెబుతాను.